ఇరవై ఒక్క అడుగులు పడమటికి

1952 మే పద్నాలుగో తేదీ, బుధవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు ఉదయగిరి తాలూకా గుండ్లవంకలో మాలకొండమ్మ ఇంటి కప్పును నలభై రెండు మంది భుజాల మీదికి ఎత్తారు. ఏడు గంటల ఇరవై రెండు నిమిషాలకు దించారు. కప్పు కదిలిన దూరం ఇరవై ఒక్క అడుగుల రెండు అంగుళాలు. కొలిచినవాడు కోర్టు పంపిన కమిషనరు, ఆత్మకూరు వకీలు రామనారాయణ.

నాలుగేళ్ళ కిందట మాలకొండమ్మ వేసిన ఒక వేలిముద్ర వల్ల ఇదంతా జరిగింది.

గుండ్లవంక ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే రోడ్డు మీద ముప్పై గడపల ఊరు. మాలకొండమ్మది రోడ్డు పక్కనే చుట్టిల్లు. గుండ్రంగా మట్టిగోడ, దాని మీద బోదగడ్డి కప్పు. స్థలం తూర్పు పడమరలు ఎనభై అడుగులు. తూర్పున రోడ్డు, దక్షిణాన సందు. 1938లో ఆమె మొగుడు పోలేరయ్య ఆ స్థలాన్ని ఆమె పేరుతోనే కొని రిజిస్టరు చేయించాడు. మరుసటి ఏడు ఇల్లు లేచింది. 1946లో పోలేరయ్య జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. ఆమె కొండకు పోయి మోదుగాకు కోసుకొచ్చి, విస్తళ్ళు కుట్టి, ఉదయగిరి సంతలో అమ్ముకునేది.

పోలేరయ్య పోయిన మూడో నెలలో అతని అన్న కొడుకులు ఇద్దరు ఒక గేదెను తెచ్చి ఆమె దొడ్లో కట్టేశారు. ఏడాది తిరిగేసరికి అవి ఏడయ్యాయి.

"ఏందిరా ఇది, నా దొడ్డి కొట్టం అనుకున్నారా?" అని ఆమె అడిగితే, "మా చిన్నాయన దొడ్డి పిన్నీ. మేం కట్టుకోక ఊళ్ళోవాళ్ళు కట్టుకుంటారా?" అన్నారు.

కాగితం మీద మగవాడి పేరు ఒకటి ఉంటే వాళ్ళు తగ్గుతారని చుట్టుపక్కలవాళ్ళు చెప్పారు. ఆమెకు ఉన్న మగవాడు తమ్ముడు నరసింహ ఒక్కడే. ఆత్మకూరులో బియ్యం మిల్లులో పని చేస్తూ పెళ్ళాం శీనమ్మతో అక్కడే ఉండేవాడు. 1948 జూన్‌లో అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ ఉదయగిరి పోయి, రిజిస్ట్రారు కచేరీ వసారాలో కూర్చునే దస్తావేజు లేఖరి నారాయణయ్య ముందు నిలబడ్డారు.

"ఏం రాయాలమ్మా?"

"నా ఇంటి కాగితంలో మా తమ్ముడి పేరు కూడా రాయాల సామీ."

"పేరు రాసేదానికి దస్తావేజు ఉండదమ్మా. హక్కు రాయాల. సగం రాస్తే సగం పోతాది."

"యాడికి పోతాది సామీ? మేం ఇల్లు కట్టుకున్నప్పుడు వీడు ఇత్తడి బిందె తెచ్చినాడు. దాని మీద వీడి పేరు కొట్టించినాడు. తొమ్మిదేళ్ళయింది. నీళ్ళు నేను తోడుకుంటాండాను. ఒక్కనాడన్నా వచ్చి బిందెలో సగం అడిగినాడా?"

నరసింహ నవ్వాడు. నారాయణయ్య కలం కింద పెట్టాడు.

"బిందె మీద ఉండేది ఇచ్చినోడి పేరు తల్లీ. కాగితం మీద ఉండేది పుచ్చుకున్నోడి పేరు. రేపు నీ మనసు మారితే రద్దు చేయించుకునేదానికి కూడా నీకు చేతకాదు. అతను వచ్చి ఒప్పుకోవాల. అతను అమ్ముకుంటే నిన్ను అడగబల్లేదు. అతని మీద డిక్రీ పడితే కోర్టు అమీనా నీ గడప తొక్కుతాడు. అతను పోతే అతని వారసులు వస్తారు."

"నేనేంది, పొయ్యేదేంది సామీ? నాకు ఇరవై ఏడేళ్ళు" అన్నాడు నరసింహ.

"ఇరవై ఏడేళ్ళోళ్ళ కాగితాలు లోపల కట్టలు కట్టలు ఉండాయి లే నాయనా" అని నారాయణయ్య మళ్ళీ ఆమె వైపు తిరిగాడు. "గేదెలదే బాధ అయితే దానికి వేరే దావా ఉండాది. ఇల్లు రాసిచ్చే పని లేదు."

"దావా వేసి వాళ్ళ మొహాలు ఎట్టా చూసేది సామీ? పేరు రాయండి."

నారాయణయ్య రాశాడు. రాసింది రెండుసార్లు చదివి వినిపించాడు. ఉమ్మడిగా, అవిభక్తంగా, సరి సగం అని చదివినప్పుడు ఆమె తల ఊపింది. లోపల గుమాస్తా ఆమె ఎడమ బొటనవేలికి సిరా రాసి పుస్తకంలో ఒత్తించాడు. ఆమె బయటికొచ్చి వేలిని తల్లో తుడుచుకుంది.

పదో రోజుకు గేదెలు పోయాయి. పేరు పని చేసింది. రెండున్నరేళ్ళ పాటు ఆమె ఆ కాగితం సంగతి మళ్ళీ తలచుకోలేదు.

1951 ఫిబ్రవరిలో కోర్టు అమీనా బస్సు దిగి ఇల్లు అడుగుతూ వచ్చాడు. కరణం సమన్లు చదివి చెప్పాడు. వాది ఆదినారాయణ. పక్క ఊరి రైతు, వేరుశనక్కాయల వ్యాపారం కూడా ఉంది. నరసింహ వాటా సగాన్ని కిందటి నవంబరులో రిజిస్టరు క్రయానికి కొన్నాడు. తన సగం తనకు విడదీసి ఇప్పించమని దావా.

ఆమె మర్నాడు ఆత్మకూరు పోయింది. మిల్లు వెనక తవుడు బస్తాలు కుడుతున్న నరసింహ ఆమెను చూసి దబ్బనం బస్తాలోనే వదిలేసి లేచాడు.

"ఇల్లు అమ్మినావంటనే?"

"ఇల్లు అమ్మలా అక్కా. మాలకొండ సామి తోడు. శీనమ్మకు క్షయ అన్నారు. మదనపల్లె ఆసుపత్రిలో పడక దొరికింది. నా దగ్గర ఏముండాది పెట్టేదానికి? అంతలో ఆదినారాయణ వచ్చినాడు. మీ అక్క ఇంట్లో నేను కాలు పెట్టను, కాగితంలో నీ పేరుండే చోటు నాకియ్యి అన్నాడు. పేరే గదా అని ఇచ్చినాను."

మాలకొండమ్మ ఒక బస్తా మీద కూర్చుంది. ఆ మాట రిజిస్ట్రారు కచేరీ వసారాలో తాను అన్నదే.

"నాకొక మాట చెప్పకూడదంట్రా?"

"వచ్చినాను. సందు మొగ దాకా వచ్చి ఎనక్కి పోయినాను."

"శీనమ్మ తింటాండాదా?"

"గంజి తాగతాది. లేచి కూసోలేదు."

ఆమె కొంగున కట్టుకొచ్చిన రాగిపిండి మూట అతని చేతిలో పెట్టి బస్సెక్కింది. దారిలో ఉదయగిరిలో దిగి నారాయణయ్య దగ్గరికి పోయింది. ఆయన నేను ముందే చెప్పాను కదా అనలేదు. సమన్లు చదివి పక్కన పెట్టాడు.

"ఇప్పుడు ఏ మూల నాది, ఏ మూల ఆయనది సామీ?"

నారాయణయ్య వసారా దిగి ఒక మట్టిగడ్డ తీసుకొచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది నీ దొడ్లోది అనుకో. దీంట్లో సగం నీది, సగం ఆదినారాయణది. దీన్ని చిదుపు. ఆ చిన్న బెడ్డలో కూడా సగం ఆయనది. ఇంకా చిదిపి పొడి చెయ్యి. ఆ పొడిలో ప్రతి రవ్వలోనూ సగం ఆయనది. కోర్టు గీత గీసిందాకా అంతే."

ఆమె గడ్డను చిదిపింది. పొడి వేళ్ళ సందుల్లోంచి కారిపోయింది. అరచెయ్యి చూసుకుంది.

"ఒక్క వేలిముద్రకా?" అంది.

"ఒక్క వేలిముద్రకే."

ఇంటికొచ్చి తలుపు తీసి గడప దగ్గరే ఆగింది. పొయ్యి, రోలు, గోడ, గోడకు కొట్టిన మేకు, కప్పులో పొగపట్టిన వాసాలు ఒక్కొక్కటీ చూసింది. ఎలుక ఒకటి ఎటో పరుగెత్తింది. ఆ రోజు ఆమె పొయ్యి రాజెయ్యలేదు.

కోర్టులో ఆమె పోట్లాడలేదు. ముద్ర నీదేనా అంటే నాదే అంది. ఇరువురికీ చెరిసగం అని డిక్రీ వచ్చింది. స్థలాన్ని కొలిచి విడదీయడానికి కోర్టు రామనారాయణను కమిషనరుగా వేసింది. 1952 జనవరిలో ఆయన గొలుసూ సున్నమూ తీసుకుని వచ్చాడు. ఆదినారాయణ, ఆయన వకీలు కూడా వచ్చారు.

కొలతలో చిక్కు లేదు. ఎనభైలో సగం నలభై. రోడ్డు వైపు సగానికి విలువ ఎక్కువ కాబట్టి దానికి ఆదినారాయణ ఆమెకు కొంత ఇవ్వాలని కమిషనరు లెక్క కట్టాడు. ఆదినారాయణ కట్టబోయే వేరుశనక్కాయల గిడ్డంగికి రోడ్డు వైపే కావాలి కనుక ఒప్పుకున్నాడు. చిక్కు ఇల్లు. కూలివాడు సున్నం పోసుకుంటూ వస్తే గీత గోడ దగ్గర ఆగింది. లోపలికి కూడా పొయ్యి అన్నాడు కమిషనరు. గీత గోడ దాటి, పొయ్యి మీదుగా పోయి, అవతలి గోడ దగ్గర బయటికొచ్చింది. ఇంట్లో ముప్పాతిక భాగం గీతకు తూర్పున పడింది.

ఆదినారాయణ వకీలు ముందుకొచ్చాడు. "చుట్టిల్లు కోసేది కాదు. ఒక పక్క కోస్తే రెండో పక్క కూలుతుంది. విభజనకు లొంగని ఆస్తి అని రాయండి. చట్టంలో దారి ఉంది కదా. మొత్తం వేలం వేసి, సొమ్ము చెరిసగం."

రామనారాయణ మాలకొండమ్మకు విడమరిచి చెప్పాడు. వేలమంటే స్థలమూ ఇల్లూ అంతా పోతుంది. పాట ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళది. పాడగలిగినవాడు అక్కడ ఆదినారాయణ ఒక్కడే. ఆమె చేతిలో సగం సొమ్ము ఉంటుంది, నెత్తిన కప్పు ఉండదు.

ఆమె గోడ మీద చెయ్యి ఆనించి నిలబడి వింది.

"కోసే పనేముండాది వకీలయ్యా? ఇల్లు లేస్తాది."

"లేవడం ఏందమ్మా?"

"లేచి అవతలికి పోతాది. గీత దాటి నా సగంలో కూసుంటాది. గోడ మట్టిది, నేను మళ్ళా పెట్టుకుంటాను. ఇల్లంటే కప్పే గదా. మా ఊళ్ళో కప్పు నేల మీద కట్టి పైకి లేపేది. లేపింది మళ్ళా లేవదా?"

ఆదినారాయణ నవ్వాడు. "కొత్త కప్పు లేపతారు, నిజమే. ఇది పదమూడేళ్ళ కప్పు. మూడు తూర్లు మీద మీద గడ్డి వేసినారు. అది లేపేదానికి ఏనుగులు కావాల."

"ఏనుగులు యాడుండాయి నాయనా మన ఊళ్ళో? మనుషులే ఉండారు" అంది ఆమె.

రామనారాయణ ఇంట్లోకి పోయి తల ఎత్తి చాలాసేపు చూశాడు. నలభై వాసాలు చుట్టూ నుంచి వచ్చి నడి నెత్తిన ఒకే చోట కలిశాయి. ఎక్కడా ఇనుము లేదు. కట్లన్నీ ఈతనార. ఆయన బయటికొచ్చి కాగితం మీద రాసుకున్నాడు. మార్చిలో కోర్టు ఉత్తర్వు వచ్చింది. మే పద్నాలుగు సూర్యాస్తమయం లోపు ప్రతివాది కప్పు మొత్తాన్ని పడమటి సగంలోకి మార్చుకోవాలి. కమిషనరు ఎదురుగా జరగాలి. జరగకపోయినా, మార్చేటప్పుడు కప్పు కూలినా, యావత్తు ఆస్తి వేలం.

గుండ్లవంకలో కప్పు ఎత్తే పనికి కూలి లేదు. ఎవరి కప్పు లేచినా, తమ కప్పు ఒకప్పుడు లేపించుకున్న ప్రతివాడూ వచ్చి భుజం పెడతాడు. కేక వేసేవాడు ఒకడుంటాడు, మిగతావాళ్ళు ఆ కేకకు అడుగు వేస్తారు. ముందు ఆ కేక పోలేరయ్యది. అతని తర్వాత హుసేనయ్యది. హుసేనయ్యకు అరవై దాటాయి. ఏప్రిల్‌లో అతను ఆ ఇంట్లో నిచ్చెన వేసుకుని రెండు రోజులు కప్పు లోపలే ఉన్నాడు. ప్రతి కట్టునూ బొటనవేలితో నొక్కి చూశాడు. నూట పదహారు కట్లలో నలభై తొమ్మిది మార్చాడు.

"నీ మొగుడు కట్టిన కట్లు ఒక్కటీ వదల్లేదమ్మా. వదిలినయ్యన్నీ తర్వాత నేను కట్టినయ్యే" అన్నాడు దిగి.

పడమటి సగంలో ఆమె వలయం గీసి పదహారు గుంతలు తవ్వింది. కొండ నుంచి పదహారు పంగల గుంజలు తెచ్చారు. ముందు రోజు సాయంత్రం కప్పు కింద గుంజలు ఆనించి గోడ పడగొట్టారు. వాసాల కింద భుజం ఎత్తున రెండు తాటి దూలాలు, ఆరు వెదుళ్ళు అడ్డంగా కట్టారు.

పద్నాలుగో తేదీ తెల్లవారుతూనే మనుషులు వచ్చారు. కొండగాలి తొమ్మిదికి మొదలవుతుంది. గాలిలో కప్పు లేపరు. హుసేనయ్య ఎత్తును బట్టి ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టుకుంటూ వచ్చాడు. గేదెలు కట్టిన అన్న కొడుకులు ఇద్దరూ వచ్చారు. వాళ్ళకు ఎదురెదురు చోటు ఇచ్చాడు. చివరికి నలభై ఒక్క మంది తేలారు. ఉత్తరం పక్క వెదురు కింద ఒక చోటు మిగిలింది.

"సరి కావాల. బేసి అయితే కప్పు ఒరుగుతాది. ఇంకొకడు లేడంట్రా ఊళ్ళో?"

లేడు. మిగిలినవాళ్ళు ముసలివాళ్ళు, గుంజలు పట్టే ఆడవాళ్ళు. రామనారాయణ గడియారం చూశాడు. ఆదినారాయణ రోడ్డు పక్కన గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు.

సందు మొగలో నరసింహ ఉన్నాడు. రాత్రి ఉదయగిరిలో దిగి నడిచి వచ్చాడు. ఎప్పటి నుంచి అక్కడ ఉన్నాడో ఎవరూ చూడలేదు. మాలకొండమ్మ చూసింది. అతను అడుగు కదపలేదు. అందరూ ఆమె వైపు చూశారు.

"నీకు వేరే పిలుపు కావాల్నంట్రా?" అంది.

అతను వచ్చి చొక్కా విప్పి వెదురు కింద వంగాడు.

"శీనమ్మ లేచి కూసుంటాండాది అక్కా" అన్నాడు వంగినవాడు వంగినట్టే.

"మంచిది. ముందు భుజం సరిగా పెట్టు."

హుసేనయ్య మధ్యలో నిలబడ్డాడు. "పట్టు" అన్నాడు. నలభై రెండు మంది "హై" అన్నారు. "లేపు" అన్నాడు.

మొదట ఏమీ జరగలేదు. తర్వాత కప్పు లోపల ఎక్కడో ఒక మోత పుట్టి చుట్టూ తిరిగింది. పదమూడేళ్ళ మసి రాలింది. గుంజలు ఒక్కొక్కటీ వదులై ఒరిగాయి. కప్పు లేచింది.

మాలకొండమ్మ కొత్త వలయం పక్కన నిలబడి చూసింది. బయటి నుంచి మనుషులు కనపడలేదు. చూరు కింద కాళ్ళు మాత్రం కనిపించాయి. ఎనభై నాలుగు కాళ్ళు. హుసేనయ్య కేక వేసిన ప్రతిసారీ ఎనభై నాలుగూ ఒక్క జానెడు జరిగేవి. ఇల్లు ఆమె వైపు నడిచి వచ్చింది. నారాయణయ్య చెప్పిన పొడి గుర్తొచ్చింది. రవ్వ రవ్వలో సగం పోయిన ఇల్లు, ఒక్క గడ్డిపోచ విడిపోకుండా వస్తోంది. ఆమె చేతులు ఎప్పుడు జోడించిందో ఆమెకు తెలియలేదు.

కప్పు తూర్పు చూరు సున్నపు గీత మీదికి వచ్చింది. బస్సు ఒకటి వచ్చి రోడ్డు మీద నిలిచింది. డ్రైవరు ఇంజను ఆపి దిగాడు. ఆదినారాయణ గొడుగు ముడిచాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. రామనారాయణ చేతిలో కలం ఉంది, కాగితం ఉంది, దాని మీద ఒక గీత తప్ప ఏమీ లేదు.

వెనక, కప్పు వదిలి వచ్చిన చోట, ఎండ నేల మీద పడింది. పేడతో అలికి అలికి నల్లబడ్డ గుండ్రటి నేల. మధ్యలో రోలు. అంచున పొయ్యి. పదమూడేళ్ళలో అక్కడ ఎండ పడటం అదే మొదలు. ఇంత చోటులోనేనా మేం ఉన్నది అనుకుంది ఆమె.

"నిలుపు" అన్నాడు హుసేనయ్య. ఆడవాళ్ళు పదహారు గుంజలనూ పంగలు వాసాల కింద చేర్చి గుంతల్లో దించారు. ముసలివాళ్ళు రాళ్ళు వేసి దిమ్మిస కొట్టారు. "వదులు." నలభై రెండు భుజాలు ఒక్కసారి కిందికి జారాయి. కప్పు పంగల్లో కూర్చుని ఒక్కసారి మూలిగి ఊరుకుంది.

కమిషనరు వంగి లోపలికి పోయాడు. ఆమె వెనకే పోయింది. నడి నెత్తి నుంచి ఉట్టి వేలాడుతోంది. ముందు రోజు సామాను తీసేటప్పుడు అది మరిచిపోయారు. దాంట్లో కుండ ఉంది. రామనారాయణ మునివేళ్ళ మీద లేచి కుండలోకి చూశాడు. కుండ అంచుకు వేలెడు కింద దాకా మజ్జిగ ఉంది. వేలితో కుండ బయట అంతా తడిమాడు. పొడిగా ఉంది.

"హుసేనయ్యా, ఇక్కడికి రా" అని మాత్రం అన్నాడు. హుసేనయ్య వచ్చి చూసి కుండ అడుగున తనూ ఒకసారి తడిమాడు.

ఆమె నలభై రెండు మందికీ రాగి అంబలి పోసింది. నీళ్ళు ఇత్తడి బిందెతో తెచ్చి ఒక్కొక్కరి దోసిట్లో వంచింది. నరసింహ వంతు వచ్చినప్పుడు అతను దోసిలి పట్టి తల ఎత్తలేదు. ఆమె వంచింది. అతను తాగాడు.

"ఇంకా పొయ్యనా?"

"పొయ్యి అక్కా."

అతను మధ్యాహ్నం దాకా ఉండి కూలిన గోడ మట్టిని తట్టలతో గీత ఇవతలికి మోశాడు. రెండు గంటల బస్సుకు ఆత్మకూరు పోయాడు.

మే పదహారున రామనారాయణ కోర్టుకు రిపోర్టు పెట్టాడు. అందులో చివరి వాక్యం కొలత. విభజన గీత నుంచి ప్రతివాది ఇంటి తూర్పు చూరు దాకా, నాలుగు అడుగుల రెండు అంగుళాలు.